గైడెన్స్‌లో నడిచేది ఎవరు?

ఒక మాట అసలు అర్థం ఒక్కోసారి నిఘంటువులో కన్నా, దాని తోక పట్టుకుని వచ్చే ముక్కలో తొందరగా దొరుకుతుంది. సలహా ‘మేరకు’ పనిచేస్తాం. ఆదేశాల ‘ప్రకారం’ పనిచేస్తాం. నిబంధనలకు ‘లోబడి’ పనిచేస్తాం. గైడెన్స్ దగ్గరికి వచ్చేసరికి ‘లో’ చేరుతుంది. ఫలానా ప్రొఫెసర్ గైడెన్స్‌లో పరిశోధన చేసింది, కోచ్ గైడెన్స్‌లో రాటుదేలాడు అంటాం. నీడలో, పెంపకంలో, సంరక్షణలో అన్నప్పుడు ఉండే ‘లో’ ఇదే. కొంతకాలం ఒకరి పరిధిలో మసలడం అన్న భావం అందులో ఉంది. సలహా ఒక్క నిమిషంలో ఇచ్చేసి లేచి వెళ్లిపోవచ్చు. గైడెన్స్‌కు కాలం పడుతుంది.

లెక్కపెట్టబోయినా ఈ తేడా తగులుతుంది. ‘రెండు సలహాలు ఇస్తాను, విను’ అనొచ్చు. ‘రెండు గైడెన్సులు ఇస్తాను’ అంటే ఎదుటివాళ్లు నవ్వుతారు. ఇంగ్లిష్‌లోనూ గైడెన్స్‌కు మామూలుగా బహువచనం వాడరు. లెక్కకు కావాల్సివస్తే గైడ్‌లైన్ అనే ఇంకో మాట తెచ్చుకుంటారు. తెలుగు కూడా ఇలాంటి జంటనే తయారు చేసుకుంది: మార్గదర్శకత్వం, మార్గదర్శకాలు. మొదటిది మనిషిని ఆశ్రయించుకుని ఉంటుంది, రెండోది కాగితాన్ని. ఒకరి మార్గదర్శకత్వం‘లో’ నడుస్తాం. మార్గదర్శకాల ‘ప్రకారం’ నడుస్తాం. అంకెలు వేసి అచ్చుకొట్టగానే ‘లో’ పోయి, ఆదేశానికి పెట్టే ‘ప్రకారం’ వచ్చి కూర్చుంది.

ఈ మాటను తరగతి గదిలో, అంతరిక్ష నౌకలో, కేంద్ర బ్యాంకులో, కోర్టులో, సినిమా సర్టిఫికెట్ మీద కూడా వాడుతున్నారు. వీటన్నిటికీ పైకి సంబంధం కనిపించదు. కానీ ఎక్కడ చూసినా తేలాల్సిన సంగతి ఒకటే: దారి చెప్పింది ఎవరు, నడిచింది ఎవరు, దారి తప్పితే ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది? దారి చెప్పేవాళ్లు, నడిచేవాళ్లు వేరువేరుగా ఉండి, ఆఖరి మాట నడిచేవాళ్లదే అయినప్పుడు గైడెన్స్ అన్న పేరు సరిగ్గా అతుకుతుంది. ఆ ఆఖరి మాట లాగేసుకుంటే అది ఆజ్ఞ. మరీ వదిలేస్తే ఒట్టి సమాచారం. ఈ రెండిటి మధ్య ఉన్న ఇరుకు జాగాలోనే ఈ మాట బతుకుతోంది. అటూ ఇటూ జారిపోతూ ఉంటుంది కూడా.

చూపడం, నడపడం

ఇంగ్లిష్‌లోకి గైడ్ ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచికి అది ఫ్రాంకుల జర్మానిక్ భాష నుంచి దక్కిందని భాషావేత్తలు చెబుతారు. దాని అడుగున ఉన్న ఇండో యూరోపియన్ ధాతువుకు చూడటం, తెలుసుకోవడం అని అర్థం. ఇంగ్లిష్ విజ్‌డమ్, లాటిన్ దారిలో వచ్చిన విజన్ ఆ ధాతువు పిల్లలే. సంస్కృతంలో అదే ‘విద్’. విద్య, వేదం, విద్వాంసుడు అక్కడి నుంచే వచ్చాయి. ఇంగ్లిష్ గైడ్‌కు, మన విద్యకు ఇలా దూరపు చుట్టరికం ఉంది. గైడెన్స్ అనే రూపం మాత్రం 16వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది.

తెలుగులో వాడే సమాసాలు సంస్కృతం నుంచి వచ్చినవే అయినా, ఒక్కో దానిది ఒక్కో స్వభావం. మార్గదర్శి అంటే దారి చూపేవాడు. చూపడం దగ్గరే ఆగిపోతాడు, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లడు. నాయకుడు, నేత అన్న మాటలు ‘నీ’ ధాతువు నుంచి వచ్చాయి. దాని అర్థం తీసుకుపోవడం. కంటికి నయనమనీ నేత్రమనీ పేర్లు రావడం కూడా ఆ ధాతువు నుంచే, మనిషిని ముందుకు నడిపించేది కన్ను కాబట్టి. మార్గం అన్న మాట వెనక వెతకడం అనే అర్థమున్న ధాతువు ఉంది. మార్గణమంటే నిఘంటువుల్లో వెతకడం అనీ ఉంది, బాణం అనీ ఉంది. లక్ష్యాన్ని వెతుక్కుంటూ పోయే క్షిపణులకు ఇంగ్లిష్‌లో గైడెడ్ మిసైల్ అని పేరు పెట్టక చాలా ముందే మన నిఘంటువులు ఈ రెండు అర్థాలనూ ఒకే ఇంట్లో ఉంచాయి.

దిశానిర్దేశం సంగతి వేరు. దిశ, నిర్దేశం, ఆదేశం, ఉపదేశం, సందేశం అన్నీ ‘దిశ్’ ధాతువు సంతానమే. దిశానిర్దేశంలో ఆ ధాతువు రెండుసార్లు ఉంది. ఆదేశంతో అంత దగ్గరి రక్తసంబంధం ఉన్న మాట కాబట్టే కాబోలు, పత్రికల్లో ‘అధికారులకు దిశానిర్దేశం చేశారు’ అని వచ్చినప్పుడు అది సూచన అని ఎవరూ అనుకోరు. పైనుంచి ఆర్డరు వచ్చిందని అర్థం చేసుకుంటారు. గైడెన్స్‌ను దిశానిర్దేశంగా మార్చే అనువాదకులు ఈ బరువును పట్టించుకోవడం తక్కువ.

ఇక గైడ్ అన్న మాటను తెలుగు తనదిగా చేసేసుకుంది. ఊరు చూపించే మనిషి గైడే, పీహెచ్‌డీ చేయించే ప్రొఫెసరూ గైడే, ప్రశ్నలు జవాబులు వేసి పరీక్షలకు ముందు అమ్మే పుస్తకమూ గైడే. ఈ మూడోది దారి చూపదు, నడకే తప్పిస్తుంది. అయినా వాడుకలో ఎక్కువ స్థిరపడింది అదేనేమో.

ఎక్కడున్నాం, ఎటు వెళ్లాలి, ఎంత తిరగాలి

గైడెన్స్ అన్న మాటకు అందరికన్నా కచ్చితమైన అర్థం ఇచ్చినవాళ్లు రాకెట్ ఇంజనీర్లు. వాళ్ల దగ్గర మూడు మాటలు పక్కపక్కనే ఉంటాయి: నావిగేషన్, గైడెన్స్, కంట్రోల్. ఇప్పుడు ఎక్కడున్నాం, ఎంత వేగంతో ఎటు పోతున్నాం అన్నది నావిగేషన్. ఇక్కడి నుంచి గమ్యానికి ఏ దారిన వెళ్లాలన్నది గైడెన్స్. ఆ దారి పట్టడానికి ఏ ఇంజిన్‌ను ఎంతసేపు మండించాలి, ఏ రెక్కను ఎన్ని డిగ్రీలు తిప్పాలన్నది కంట్రోల్. మూడిటికీ లెక్కలు వేరు, తప్పులు వేరు. నావిగేషన్ తప్పయితే గైడెన్స్ ఎంత బాగున్నా ప్రయోజనం లేదు. లేని చోటు నుంచి బయల్దేరే దారి చూపిస్తుంది మరి.

చంద్రుడి మీదికి మనుషులను తీసుకెళ్లిన అపోలో నౌకల్లో కంప్యూటర్ పేరే గైడెన్స్ కంప్యూటర్. దాన్ని అమెరికాలోని ఎంఐటీ ఇన్‌స్ట్రుమెంటేషన్ లేబొరేటరీలో రూపొందించారు. బరువు దాదాపు 32 కిలోలు. చెరిపి రాయగలిగే జ్ఞాపకశక్తి 2,048 పదాలు, తీగలతో శాశ్వతంగా అల్లిపెట్టినది 36,864 పదాలు (పదమంటే ఇక్కడ కంప్యూటర్ ఒక్కసారిగా పట్టుకునే సమాచారపు ముక్క). 1969 జులై 20న అపోలో 11 దిగే వాహనం చంద్రుడి వైపు జారుతుండగా దాని తెర మీద 1202 అని అలారం వచ్చింది. కాసేపటికి 1201 వచ్చింది. దిగడానికి అవసరం లేని రాడార్ ఒకటి కంప్యూటర్ సమయాన్ని తినేస్తుండటంతో చేతినిండా పనులు పోగుపడ్డాయి. అప్పుడు ఆ యంత్రం తక్కువ ముఖ్యమైన పనులను వదిలేసి, దారి లెక్కను మాత్రం ఆపకుండా కొనసాగించింది. ప్రోగ్రామ్‌ను అలా రాసిపెట్టారు.

భూమ్మీద హ్యూస్టన్‌లోని నియంత్రణ గదిలో ఈ అలారానికి జవాబు చెప్పాల్సిన ఉద్యోగి హోదా గైడెన్స్ ఆఫీసర్. ఆ రోజు ఆ కుర్చీలో ఉన్న స్టీవ్ బేల్స్ వయసు 26 ఏళ్లు. ఆయన చేతిలో స్టీరింగ్ లేదు, మీట లేదు. వెనక గదిలోని సహచరుడు జాక్ గార్మన్‌తో మాట్లాడి, ‘కొనసాగించొచ్చు’ అని చెప్పడం ఒక్కటే ఆయన చేయగలిగింది. ఆ మాట ఫ్లైట్ డైరెక్టర్‌కు, అక్కడి నుంచి వ్యోమగాములకు చేరింది. చివరి నిమిషాల్లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కిటికీలోంచి చూస్తే, కంప్యూటర్ తీసుకెళ్తున్న చోట పెద్ద గొయ్యి, చుట్టూ బండరాళ్లు. ఆయన నడిపే బాధ్యతలో సగం తన చేతుల్లోకి తీసుకుని రాళ్లు దాటించి దించాడు. మొత్తం అపోలో కథలో గైడెన్స్ అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. యంత్రం దారి చూపింది, గదిలోని కుర్రాడు ధైర్యం చెప్పాడు, దిగే చోటు ఎంచుకున్నది మాత్రం లోపల ఉన్న మనిషి.

క్షిపణిలో ఆ మనిషి ఉండడు. అక్కడ గైడెన్స్ అంటే ఒట్టి లెక్క. చాలా క్షిపణులు వాడే సూత్రం చెప్పుకోవడానికి తేలిక: లక్ష్యం కనిపించే దిశ ఎంత వేగంగా మారుతోందో, దానికి తగిన నిష్పత్తిలో క్షిపణి తన దారిని వంచుకోవాలి. దిశ మారకుండా దూరం మాత్రం తగ్గుతుంటే ఢీకొనడం ఖాయం. సముద్రంలో ఎదురయ్యే ఓడతో ప్రమాదం ఉందా లేదా అని నావికులు చూసుకునే పద్ధతీ ఇదే, కాకపోతే వాళ్లు తప్పించుకోవడానికి చూస్తారు.

ఇంజనీర్లు విడదీసిన మూడు ముక్కలను మనుషుల వ్యవహారాల మీద పెట్టి చూస్తే కొన్ని సంగతులు తేటపడతాయి. డిగ్రీ అయిపోయిన అబ్బాయి ‘కాస్త గైడెన్స్ కావాలి సార్’ అంటాడు. నిజానికి అతనికి తెలియనిది ఎటు వెళ్లాలో కాదు, తానెక్కడ ఉన్నాడో. తనకు ఏది చేతనవుతుంది, ఏది చేతకాదు, చేతిలో ఎన్నేళ్లున్నాయి అన్నవి తేలలేదు. అంటే నావిగేషన్ లోటు. అడిగించుకున్న పెద్దమనిషి ఏ కోర్సులో చేరాలో, ఏ రోజు ఫీజు కట్టాలో చెప్పి పంపిస్తాడు. అది కంట్రోల్. మధ్యలో ఉండాల్సిన గైడెన్స్ ఇద్దరి చేతుల్లోంచీ జారిపోతుంది, ఇద్దరూ మాత్రం గైడెన్స్ జరిగిందనే అనుకుంటారు.

వృత్తి ఎంపికకు సాయం చేయడాన్ని ఒక పద్ధతిగా మలిచిన ఫ్రాంక్ పార్సన్స్ ఈ క్రమాన్ని రాకెట్లకు ముందే పట్టుకున్నాడు. 1908లో బోస్టన్‌లో ఆయన వొకేషన్ బ్యూరో పెట్టాడు. అదే ఏడు చనిపోయాడు. ఆయన పుస్తకం 1909లో వచ్చింది. ఆయన చెప్పింది మూడు మెట్లు: మొదట తనను తాను తెలుసుకోవడం, తర్వాత వృత్తుల అవసరాలు, అవకాశాలు తెలుసుకోవడం, ఆపైన ఈ రెండిటి మధ్య పొంతన గురించి సరిగ్గా ఆలోచించడం. వొకేషనల్ గైడెన్స్ అన్న పేరు అక్కడి నుంచే పాకింది. ఇప్పుడు కెరీర్ గైడెన్స్ పేరుతో జరిగే సభల్లో రెండో మెట్టు మీదే గంటలు గడుస్తాయి. మొదటి మెట్టు ఎక్కించడం కష్టం కదా, దానికి ఒక్కొక్కరితో విడిగా కూర్చోవాలి.

పట్టీ పట్టుకున్న చెయ్యి

చూపు లేనివారికి తోడుండే గైడ్ డాగ్ విషయంలో చాలామందికి ఒక పొరపాటు ఊహ ఉంటుంది. కుక్కకు దారి తెలుసని, అది మనిషిని గమ్యానికి తీసుకుపోతుందని అనుకుంటారు. వెళ్లాల్సిన చోటు, తిరగాల్సిన మలుపులు మనిషి బుర్రలో ఉంటాయి. మనిషి ‘ముందుకు’, ‘ఎడమ’ అని చెబుతాడు. దారిలో అడ్డొచ్చే స్తంభం, తల తగిలే కొమ్మ, మెట్టు అంచు కుక్క చూసుకుంటుంది. మెట్టు దగ్గర ఆగుతుంది. ఆ ఆగడమే సమాచారం. మనిషి పాదంతో తడిమి చూసుకుని మళ్లీ ముందుకు అంటాడు.

ఈ కుక్కల శిక్షణలో అన్నిటికన్నా కష్టమైన పాఠం ఆజ్ఞను ధిక్కరించడం. మనిషి ‘ముందుకు’ అన్నాడు, కానీ వాహనం వస్తోంది. అప్పుడు కుక్క కదలకూడదు. శిక్షకులు దీన్ని తెలివైన అవిధేయత అంటారు. చెప్పినట్టు వినే జంతువు పనివాడవుతుంది తప్ప గైడ్ కాదు. అలాగని దారి తానే నిర్ణయిస్తే మనిషి ఒట్టి సామానవుతాడు. కుక్క వీపుకు కట్టిన గట్టి పిడి మీద ఉన్న చెయ్యికి రెండు వైపుల నుంచీ కదలికలు అందుతూ ఉంటాయి. గైడెన్స్ అన్న మాటను కళ్లముందు చూడాలంటే ఆ పిడినే చూడాలి.

రైల్వే ప్లాట్‌ఫాంల మీద కనిపించే పసుపు పలకలదీ ఈ కుటుంబమే. వీటిని జపాన్‌కు చెందిన సెయిచి మియాకె 1965లో రూపొందించాడు. మొదటిసారి 1967లో ఒకయామా నగరంలో వేశారు. పొడుగు గీతలున్న పలక అంటే ఇటు సాగిపొమ్మని, గుండ్రటి బొడిపెలున్న పలక అంటే ఆగి చూసుకొమ్మని. గీత గైడెన్స్, బొడిపె హెచ్చరిక. పాదాల కిందే ఉంటూ, నడిచేవాళ్లు అడిగితేనే పలికే గైడెన్స్ ఇది.

దారి చూపిన వస్తువులో కన్నా, అందుకున్నవాళ్లలో ఏముందన్నదే ఫలితాన్ని తేలుస్తుందని జీవశాస్త్రం ఒక విచిత్రమైన చోట చూపించింది. పిండంలో మెదడు, వెన్ను పెరిగేటప్పుడు ఒక్కో నాడీకణం తన తీగను చాలా దూరం పంపి, సరైన కణాన్ని వెతికి పట్టుకోవాలి. దీన్ని ఆక్సాన్ గైడెన్స్ అంటారు. ఆ తీగ కొసన చేతిలా వేళ్లు చాపి తడుముకుంటూ పోయే భాగం ఉంటుంది. దాన్ని 1890లో స్పెయిన్ శాస్త్రవేత్త శాంటియాగో రమోన్ ఇ కాహల్ వర్ణించాడు. ఆ కొసను ఆకర్షించే ప్రోటీన్లను 1994లో గుర్తించినప్పుడు వాటికి నెట్రిన్లు అని పేరు పెట్టారు. ఆ పేరు సంస్కృతం ‘నేతృ’ నుంచి తీసుకున్నది, మన ‘నేత’ మాటే. ఈ నెట్రిన్ కొన్ని తీగలను దగ్గరికి లాగుతుంది, కొన్నిటిని తోసేస్తుంది. ప్రోటీన్ ఒకటే. తీగ కొస మీద ఏ గ్రాహకం, అంటే సంకేతాన్ని అందుకునే అణువు, ఉందన్నదాన్ని బట్టి ‘రా’ అనో ‘పో’ అనో అర్థమవుతుంది. ఒకే ఇంట్లో ఒకే మాట విని ఇద్దరు పిల్లలు చెరో దిక్కుకు పోయారని వాపోయే తల్లిదండ్రులకు ఈ సంగతి కాస్త ఊరట.

మోతాదు

నేర్చుకోవడం గురించి పరిశోధించినవాళ్లు గైడెన్స్‌ను మందులాగా చూశారు. ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నది వాళ్ల ప్రశ్న. రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ (1896–1934) పిల్లలు ఒంటరిగా చేయలేక, పెద్దల గైడెన్స్‌తో చేయగలిగే పనుల మేర ఒకటుంటుందని, చదువు అక్కడ జరగాలని చెప్పాడు. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ ఆ సాయానికి స్కాఫోల్డింగ్ అని పేరు పెట్టారు. గోడ కట్టేటప్పుడు నిలబెట్టే సారువ అన్నమాట. సారువ గొప్పదనం గోడ లేచాక విప్పేయడంలో ఉంది.

విప్పకపోతే ఏమవుతుందో శరీర కదలికల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. 1984లో సాల్మొనీ, ష్మిట్, వాల్టర్ గైడెన్స్ హైపోథెసిస్ అనే భావన ముందుకు తెచ్చారు. ప్రతి ప్రయత్నం తర్వాతా ‘ఇంత తప్పింది’ అని చెబుతూ పోతే సాధన సాగుతున్నంతసేపూ పని బాగుంటుంది, కానీ మనిషి ఆ చెప్పడం మీద ఆధారపడిపోతాడు, తన కండరాలు ఇచ్చే సంకేతాలను వినడం మానేస్తాడు అన్నది దాని సారం. 1990లో విన్‌స్టీన్, ష్మిట్ ప్రచురించిన ప్రయోగాల్లో ఒక బృందానికి ప్రతి ప్రయత్నానికీ ఫలితం చెప్పారు, ఇంకో బృందానికి సగం ప్రయత్నాలకే చెప్పారు. ఆ తర్వాత కొంత వ్యవధి ఇచ్చి, ఫలితం ఏమీ చెప్పకుండా పరీక్షిస్తే సగమే విన్నవాళ్లు మెరుగ్గా చేశారు. దగ్గరుండి ప్రతి తప్పూ దిద్దే గురువును మెచ్చుకునే అలవాటు ఉన్నచోట ఇది మింగుడుపడని విషయమే.

అయితే ఈ కథకు రెండో వైపు ఉంది, దాన్ని దాచడం సరికాదు. 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ రాసిన వ్యాసం ‘పిల్లలే కనుక్కోనివ్వండి’ అనే పద్ధతులను గట్టిగా ప్రశ్నించింది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు పూర్తిగా విడమరిచి చెప్పడమే మేలని, బుర్రలో ఒకేసారి పట్టే సమాచారం తక్కువ కాబట్టి వదిలేస్తే తడబాటే మిగులుతుందని వాళ్ల వాదన. అంతకుముందు 2003లో కల్యుగ, మరికొందరు ఇంకో సంగతి ఎత్తిచూపారు: కొత్తవారికి పనికొచ్చిన వివరణే, ఆరితేరినవారికి అడ్డుపడుతుంది. అంటే మోతాదు మందును బట్టి కాదు, రోగిని బట్టి. రెండు వర్గాల పరిశోధనలూ కలిపి చదివితే పెద్ద వైరుధ్యం కనిపించదు. మొదట్లో ఎక్కువ, పోనుపోను తక్కువ. చెప్పడం తేలిక. ఎప్పుడు తగ్గించాలో పట్టుకోవడంలోనే గురువు పనితనమంతా.

చిత్రమేమిటంటే, బొమ్మలు గీసే కృత్రిమ మేధలో ఈ మోతాదుకు ఏకంగా ఒక మీట ఉంది. దాని పేరు గైడెన్స్ స్కేల్. 2022లో హో, సాలిమన్స్ వివరించిన పద్ధతిలో మోడల్ ఒక్కో అడుగులో రెండు అంచనాలు వేస్తుంది. ఒకటి వాడేవాళ్లు రాసిన వాక్యం చదివి, ఇంకొకటి ఆ వాక్యం చదవకుండా. రెండిటి మధ్య తేడాను ఒక సంఖ్యతో హెచ్చించి ఆ దిక్కుకు తోస్తారు. సంఖ్య తక్కువైతే బొమ్మ తనకు తోచినట్టు పోతుంది. ఎక్కువైతే అడిగినదానికి కట్టుబడుతుంది కానీ రంగులు మరీ గాఢమైపోయి, బొమ్మలన్నీ ఒకే మూసలోకి వస్తాయి. ప్రాణం లేని యంత్రానికి కూడా గైడెన్స్ ఎక్కువైతే వైవిధ్యం చస్తుంది.

బ్యాంకు మాట, కంపెనీ మాట

డబ్బు ప్రపంచంలో గైడెన్స్ అంటే రేపటి గురించి ముందే చెప్పడం. కేంద్ర బ్యాంకులు వడ్డీ రేట్లు ఇకపై ఎలా ఉండబోతున్నాయో సూచించడాన్ని ఫార్వర్డ్ గైడెన్స్ అంటారు. రేటు సున్నా దగ్గరికి వచ్చేశాక ఇంకా తగ్గించే వీలు తక్కువ. అప్పుడు మిగిలిన ఆయుధం మాటే. ‘చాలాకాలం ఇలాగే ఉంచుతాం’ అని నమ్మకం కలిగిస్తే దీర్ఘకాలపు రుణాల ధర ఇప్పుడే తగ్గుతుంది. బ్యాంక్ ఆఫ్ జపాన్ 1999లోనే ఈ దారి పట్టింది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ 2011 ఆగస్టులో, కనీసం 2013 మధ్య వరకు రేట్లు తక్కువగా ఉండొచ్చని ఏకంగా తేదీ చెప్పింది.

ఇందులో ఉన్న మెలికను 2012లో కొందరు ఆర్థికవేత్తలు రెండు గ్రీకు పేర్లతో విడదీశారు. డెల్ఫీలోని దేవవాణిలా జరగబోయేది చెప్పడం ఒకటి. అక్కడ మాట తప్పడమనే ప్రశ్న లేదు, అంచనా తప్పవచ్చంతే. గ్రీకు పురాణ వీరుడు ఒడిస్సియస్ మోహపెట్టే పాటకు లొంగిపోకుండా తనను ఓడ స్తంభానికి కట్టించుకున్నట్టు ముందుగానే చేతులు కట్టేసుకోవడం రెండోది. బ్యాంకు ఒకే వాక్యం పలుకుతుంది. అది అంచనానా, మాట ఇవ్వడమా అన్నది వినేవాళ్లు ఊహించుకోవాలి.

ఆ ఊహ తేడా కొడితే ఎలా ఉంటుందో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2013 ఆగస్టులో చవిచూసింది. నిరుద్యోగం 7 శాతానికి తగ్గేదాకా రేటు పెంచే ఆలోచన చేయబోమని గవర్నర్ మార్క్ కార్నీ చెప్పాడు. అప్పటికి అది 7.8 శాతం ఉంది, 7కు రావడానికి మూడేళ్ల దాకా పడుతుందని బ్యాంకు అంచనా. ఏడాది కూడా తిరక్కముందే అది 7 కిందికి దిగిపోయింది. రేటు మాత్రం కదల్లేదు. 7 అనేది మీట కాదు, దాటాక ఆలోచించే గడప మాత్రమేనని బ్యాంకు మొదటి నుంచీ అంటూనే ఉంది, వినేవాళ్లు మీట అనుకున్నారు. 2014 జూన్‌లో పార్లమెంటు సభ్యుడు పాట్ మెక్‌ఫాడెన్ బ్యాంకును నమ్మలేని ప్రియుడితో పోల్చాడు, ఒకరోజు ఉత్సాహం, ఒకరోజు ముభావం అని. చివరికి 2016 ఆగస్టులో రేటు కదిలింది, అదీ కిందికి. పెరగడం 2017 నవంబరులో. పెంచే రోజు గురించి ఇచ్చిన గైడెన్స్ తర్వాత జరిగిన మొదటి పని తగ్గించడం.

కంపెనీలు ఇచ్చే గైడెన్స్ ఇంకో రకం. వచ్చే త్రైమాసికంలో లేదా ఏడాదిలో ఆదాయం, లాభం ఎంత ఉండొచ్చో యాజమాన్యమే మార్కెట్‌కు చెబుతుంది. ఇది అంచనాయే కదా, అలాగే పిలవొచ్చు కదా అనిపిస్తుంది. వాతావరణ శాఖ వర్షం పడుతుందని చెప్పగలదు కానీ కురిపించలేదు. కంపెనీ మాత్రం తాను చెప్పిన అంకెను అందుకోవడానికి ఖర్చులు వాయిదా వేయగలదు. 2005లో గ్రాహమ్, హార్వే, రాజ్‌గోపాల్ ప్రచురించిన సర్వేలో 400 మందికి పైగా ఆర్థిక విభాగాల అధికారులను అడిగితే, లాభాల లక్ష్యం అందుకోవడానికి పరిశోధన, ప్రకటనలు, నిర్వహణ లాంటి ఖర్చులు తగ్గిస్తామని 80 శాతం మంది ఒప్పుకున్నారు. దారి చూపినవాడే నడిచేవాడు కూడా అయిన చోట, చూపిన దారి తప్పు కాకుండా ఉండటానికి కాళ్లు నరుక్కోవడం ఇది. కోకా కోలా 2002 డిసెంబరులో ఇలాంటి లాభాల గైడెన్స్ ఇవ్వడం ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

‘చేయాలి’ అంటే ఎంత చేయాలి?

సినిమా సర్టిఫికెట్ మీద ఉండే పేరెంటల్ గైడెన్స్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అమెరికాలో 1968లో మొదలైన వర్గీకరణలో 1972 నుంచి పీజీ అన్న అక్షరాలు వచ్చాయి, 1984లో పీజీ 13 చేరింది. భారత్‌లో యూఏ సర్టిఫికెట్ కూడా తల్లిదండ్రుల మార్గదర్శకత్వం గురించే మాట్లాడుతుంది. అక్కడ గైడెన్స్ ఇచ్చేది బోర్డు కాదు. ‘మీరే చూసుకోండి’ అని బాధ్యతను ఇంటికి పంపిస్తోంది, అంతే.

చట్టంలో మాత్రం ఈ మాట పెద్ద పేచీలు పెడుతుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ విడుదల చేసే గైడెన్స్ పత్రాల పేజీల పైన, ఇవి కట్టుబడి ఉండాల్సిన అవసరం లేని సిఫారసులని అచ్చయి ఉంటుంది. లోపల ఇంకో వాక్యం ఉంటుంది: ఈ పత్రంలో ‘షుడ్’ అని వాడిన చోట అది సూచన, తప్పనిసరి కాదు అని. అయినా కోట్లు పెట్టి మందు తయారుచేసే కంపెనీ ఆ సూచనను పక్కన పెట్టే ముందు వందసార్లు ఆలోచిస్తుంది. అనుమతి ఇచ్చేది అదే సంస్థ కదా. చట్టప్రకారం ఐచ్ఛికం, ఆచరణలో గీత దాటే ధైర్యం ఎవరికీ ఉండదు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ భారత సుప్రీంకోర్టుది. 1997 ఆగస్టు 13న విశాఖ కేసు తీర్పులో, పనిచేసే చోట లైంగిక వేధింపుల నివారణకు కోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. పేరు మార్గదర్శకాలే, కానీ పార్లమెంటు చట్టం చేసేదాకా ఇవి రాజ్యాంగం 141వ అధికరణ కింద చట్టంగా చెల్లుతాయని అందులోనే చెప్పింది. ఆ చట్టం 2013లో వచ్చింది. అంటే 16 ఏళ్లు మార్గదర్శకాలే చట్టం. అక్కడ సూచన అనుకుని వదిలేసిన యాజమాన్యం కోర్టు ధిక్కారం దాకా పోవాల్సిందే.

ఇంత గందరగోళం ఉన్నప్పుడు, ముందుగానే క్రియలకు బరువు కట్టి పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1997 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రంలో మస్ట్, షుడ్, మే లాంటి మాటలకు అర్థాలు నిర్ణయించారు. మస్ట్ అంటే మినహాయింపు లేదు. షుడ్ అంటే కొన్ని పరిస్థితుల్లో సరైన కారణం ఉంటే వదిలేయొచ్చు, కానీ పర్యవసానాలన్నీ తూచి చూసుకున్నాకే. మే అంటే ఇష్టం. వైద్య మార్గదర్శకాలు తయారుచేసేవాళ్లు గ్రేడ్ అనే పద్ధతిలో, బలమైన సిఫారసుకు ‘సిఫారసు చేస్తున్నాం’ అని, షరతులతో కూడినదానికి ‘సూచిస్తున్నాం’ అని రాస్తారు. రెండోది కనిపిస్తే, విషయం తెలిసిన రోగులు కూడా వేరే దారి ఎంచుకోవచ్చని, డాక్టర్ కూర్చుని మాట్లాడాల్సిన చోటు అదని అర్థం.

ఇవి తెలుగులోకి వచ్చేటప్పుడు అసలు చిక్కు ఎదురవుతుంది. మస్ట్‌కూ షుడ్‌కూ తెలుగు క్రియకు ఉన్న తోక ఒకటే: ‘ఆలి’. ‘ఈ మందు మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్ష చేయించాలి’ అన్న వాక్యం చదివితే, చేయించకపోతే ప్రాణం మీదికి వస్తుందా, చేయిస్తే మేలన్నది మాత్రమేనా అన్నది తెలియదు. మాట్లాడేటప్పుడు గొంతు ఆ తేడా చూపిస్తుంది. ‘తినాలమ్మా’ అనడంలో బుజ్జగింపు, ‘కట్టాలి’ అనడంలో కరకుదనం వినబడతాయి. అచ్చులో గొంతు ఉండదు. విడదీయడానికి తెలుగులో సరుకు లేక కాదు. తప్పనిసరైతే ‘తప్పనిసరిగా చేయించాలి’, ‘చేయించి తీరాలి’. సిఫారసైతే ‘చేయించడం మంచిది’, ‘చేయిస్తే మేలు’. ఇష్టమైతే ‘చేయించవచ్చు’. మూడు మెట్లూ వాడుకలో ఉన్నవే, ఇంటింటా రోజూ పలికేవే. కానీ ‘మంచిది’ అని రాస్తే పత్రం బరువు తగ్గిపోతుందని రాసేవాళ్లు జంకుతారు, ‘తీరాలి’ అంటే మరీ కటువని తటపటాయిస్తారు. చివరికి పేజీ నిండా ‘ఆలి’ మిగులుతుంది, ఏది గైడెన్సో ఏది ఆజ్ఞో తేల్చుకునే పని చదివేవాళ్ల మీద పడుతుంది.